షుగర్ ఉన్నవాళ్ళు అన్నం మానేసి కినోవా తినొచ్చా? ఎలా వండుకోవాలి?

తినొచ్చు, అన్నంలా వండుకునే చిన్న గింజే ఇది. కాకపోతే కడగకుండా వండితే ఎవరూ తినలేరు.

మా మామయ్యగారికి షుగర్. ఎవరో చెప్పారని మావారు ఒక ప్యాకెట్ కొనుక్కొచ్చి, ఫోన్లో వీడియో చూస్తూ తనే వండేశారు. పప్పుచారు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మామయ్యగారి మొహం మాడిపోయింది. "ఒరేయ్, ఇందులో వేపాకు గానీ వేశావా?" అన్నారు. అత్తయ్య మాట్లాడకుండా మిగిలిన గింజల్ని గిన్నెలో పోసి, నీళ్ళలో గట్టిగా పిసికారు. కుంకుడు రసం తీసినట్టు నురగే నురగ! రెండింట్లోనూ ఉండేది సపోనిన్లనే నురగొచ్చే పదార్థాలే మరి. గింజ మీది చేదంతా వాటిదే. నురగ ఆగేదాకా కడిగితే పోతుంది. కడిగి అమ్ముతున్నామని ప్యాకెట్ మీద రాసినా నేను నమ్మను.

తర్వాత ఆవిడ ఒకటికి రెండు నీళ్ళు పోసి, గింజ నుంచి తెల్లటి తోక విడేదాకా ఉడికించి, చల్లార్చి పులిహోర కలిపారు. చింతపండు, ఆవాలు, ఇంగువ, పల్లీలు, అన్నీ మామూలే. మామయ్యగారు మారు వడ్డించుకున్నారు, మళ్ళీ గిన్నె వైపు చెయ్యి చాపారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే! డైట్ ఫుడ్ అనగానే అందరూ కొలత మర్చిపోతారు. 100 గ్రాముల పచ్చి గింజల్లో ప్రొటీన్ 14 గ్రాములు, పీచు 7 గ్రాములు. బియ్యం కంటే చాలా నయం, కాదనను. ప్రొటీన్‌లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం కూడా బాగా ఉంటుంది. కానీ పిండిపదార్థం 64 గ్రాములుంది కదా, దాన్నెవరూ చూడరు.

ఇక ధర సంగతి. బొలీవియా, పెరూ కొండల్లో జనం తరతరాలుగా సూపుల్లో, జావల్లో తాగుతున్న గింజని మన దగ్గర జిమ్ కుర్రాళ్ళ ఖరీదైన సలాడ్ చేసి కూర్చోబెట్టారు. కాల్షియం కావాలంటే రాగులే తినండి, కినోవాలో ఉన్నదానికి ఏడింతలు ఉంటుంది, చవక కూడా.

నన్నడిగితే చారుతో మాత్రం వద్దు, గింజలన్నీ అడుగుకి జారిపోతాయి. పులిహోర, ఉప్మా బాగుంటాయి. సగం కినోవా, సగం పెసరపప్పు వేసి మిరియాలతో పొంగలి చేస్తే ఇంకా బాగుంటుంది. ఒక కప్పు తినండి, పక్కన కూర ఎక్కువ పెట్టుకోండి. రెండు గంటలయ్యాక మీటర్లో షుగర్ ఎంత ఉందో చూసుకుంటే మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.