‘స్వాగతించారు’ కాదు, ‘విన్నారు’

అభిమానుల కమిటీలు ఫుట్‌బాల్ క్లబ్బుల నిర్వహణను నిజంగా ప్రభావితం చేయగలవా, లేక అవి కంటితుడుపు ఏర్పాట్లేనా అని అడిగారు. మిమ్మల్ని అటువంటి కమిటీలోకి రమ్మన్నారని, చేరాలో వద్దో తేలడం లేదని కూడా రాశారు. ఇంగ్లండ్‌లో కింది అంచెల్లో ఆడే ఒక క్లబ్బు అభిమానుల కమిటీలో మూడేళ్లు పనిచేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రభావితం చేయగలవు. కాకపోతే ఆ బలం సమావేశంలో మనం ఎంత గట్టిగా మాట్లాడామన్నదానిలో ఉండదు, ఆ సమావేశం గురించి చివరికి కాగితం మీద ఏమి మిగిలిందన్నదానిలో ఉంటుంది. మినిట్స్, అంటే సమావేశంలో ఎవరు ఏమన్నారో నమోదు చేసే పత్రం, రాసే పనిని క్లబ్బు ఉద్యోగులకు వదిలేసిన కమిటీ ఉత్సవ విగ్రహంతో సమానమని నేను గట్టిగా నమ్ముతాను. ఈ నమ్మకం నాకు ప్రధానంగా ఒక్క సంఘటన వల్ల కలిగింది.

అది కమిటీలో నా రెండో సంవత్సరం. మెయిన్ స్టాండ్ కింద, పాత జట్ల ఫోటోలు వరుసగా వేలాడే ఒక ఇరుకు గదిలో మా ఎనిమిది మందికీ, క్లబ్బు తరఫున వచ్చిన ముగ్గురికీ మధ్య సమావేశం జరిగింది. క్లబ్బు సీఈవో, టికెట్ల విభాగాధిపతి, నోట్స్ రాసుకునే ఒక ఉద్యోగిని ఎదుటి వైపు కూర్చున్నారు. ఎజెండాలో మొదట మరుగుదొడ్లు, తర్వాత మైకు శబ్దం, ఆ తర్వాత బయటి మైదానాల్లో మ్యాచ్‌లకు వెళ్లే బస్సులు, చిట్టచివర ‘టికెట్ విధానంలో సవరణలు’ అనే అంశం ఉన్నాయి. మొదటి మూడింటికే గంటన్నర పట్టింది. ఇందులో తప్పంతా క్లబ్బుదేనని అనలేను. మరుగుదొడ్ల గురించి మాట్లాడడం మాకూ ఇష్టమే, ఎందుకంటే ఆ విషయం మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది, ఎవరికీ లెక్కలు తెలియనవసరం లేదు, పైగా మరుసటి నెలలో కొత్త కుళాయి కనిపిస్తే అది తమ ఘనతేనని సభ్యులు చెప్పుకోవచ్చు. అసలు విషయానికి వచ్చేసరికి పది నిమిషాలు మిగిలాయి.

ఆ పది నిమిషాల్లో తెర మీద రెండు ప్రతిపాదనలు వచ్చాయి. వృద్ధులకిచ్చే రాయితీ వయసును 60 నుంచి 66కు పెంచడం మొదటిది. మైదానం మధ్యగీతకు దగ్గరగా, దశాబ్దాలుగా ఒకే కుటుంబాలు కూర్చుంటున్న కొన్ని వరుసలను ఖాళీ చేయించి, భోజనంతో కలిపి ఎక్కువ ధరకు అమ్మే హాస్పిటాలిటీ సీట్లుగా మార్చడం రెండోది. ఇవింకా ఆలోచన దశలోనే ఉన్నాయని సీఈవో రెండు మూడు సార్లు అన్నారు కానీ, తెర మీద చూపించిన పటంలో ఆ వరుసలకు అప్పటికే కొత్త రంగు, కొత్త పేరు పడి ఉన్నాయి. మాలో ఉద్యోగ జీవితమంతా జమాఖర్చుల లెక్కలు చూసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: ఇప్పుడున్న హాస్పిటాలిటీ సీట్లలో గత సీజన్‌లో మ్యాచ్‌కు సగటున ఎన్ని ఖాళీగా మిగిలాయి? సీఈవో టికెట్ల విభాగాధిపతి వైపు చూశారు, ఆయన తన కాగితాల వైపు చూసుకున్నారు, చివరికి అది వ్యాపార రహస్యమని జవాబు వచ్చింది. తర్వాత అందరం లేచి చేతులు కలిపి, టీ తాగి ఇళ్లకు వెళ్లిపోయాం. అక్కడితో అయిపోయిందని నేను అనుకున్నాను.

పది రోజుల తర్వాత మినిట్స్ ముసాయిదా వచ్చింది. అందులో మరుగుదొడ్ల మీద పేజీన్నర ఉంది. టికెట్ల మీద మాత్రం ఒకే వాక్యం: ‘ప్రతిపాదిత సవరణలను కమిటీ సభ్యులు స్వాగతించి, కొన్ని విలువైన సూచనలు చేశారు.’ పెద్దాయన ఆ రాత్రే జవాబు రాశారు. మేము స్వాగతించలేదు, సూచనలూ చేయలేదు, విన్నాము, ఒక లెక్క అడిగాము, అది ఇవ్వలేదు, కాబట్టి అదే రాయండి అన్నారు. క్లబ్బు నుంచి మర్యాదగా ‘చర్చించారు’ అనే మాట వచ్చింది. పది నిమిషాల్లో చర్చ జరగదని ఆయన తిప్పికొట్టారు. క్లబ్బువాళ్లు ‘గమనించారు’ అన్నారు, ఆ తర్వాత, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు, ‘సానుకూలంగా గమనించారు’ అన్నారు. ఒక్క క్రియాపదం మీద ఇలా నాలుగు వారాలు ఉత్తరాలు నడిచాయి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మూడో వారంలో నేనే ఆయనకు ఫోన్ చేసి, ఒక్క మాట కోసం ఇంత పట్టుదల అవసరమా, క్లబ్బుతో సంబంధాలు చెడితే మనకే నష్టం కదా అన్నాను. ఆయన కోప్పడలేదు. రేపు ఆ వరుసల్లో కూర్చునేవాళ్లు వచ్చి మిమ్మల్ని నిలదీస్తే ఈ కాగితమే చూపిస్తారు, అప్పుడు మీరు ఏమి చెబుతారో ఇప్పుడే ఆలోచించుకోండి అన్నారు.

చివరికి ఆయన వాక్యమే నిలిచింది: ‘కమిటీ ప్రతిపాదనలను విన్నది. ప్రస్తుత హాస్పిటాలిటీ సీట్లలో ఖాళీల లెక్క అడిగింది. క్లబ్బు ఆ లెక్క ఇవ్వలేదు.’ మినిట్స్ బయటికి వచ్చిన తర్వాతి మ్యాచ్‌లో ఎవరో ఒక దుప్పటి మీద ‘ఎన్ని సీట్లు ఖాళీ?’ అని పెద్ద అక్షరాలతో రాసి, హాస్పిటాలిటీ సీట్లకు సరిగ్గా ఎదురుగా వేలాడదీశారు. అక్కడ కూర్చున్నవాళ్లను లెక్కపెట్టడం ఆ రోజు సగం మైదానానికి కాలక్షేపమైపోయింది. విలేఖరులు కూడా అదే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. సీజన్ ముగిసే ముందు ఆ వరుసల మార్పును వాయిదా వేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. రాయితీ వయసు మాత్రం పెరిగింది, అయితే అప్పటికే రాయితీ పొందుతున్నవాళ్లకు అలాగే కొనసాగించి, కొత్తగా కొనేవాళ్లకు పరిమితం చేశారు. సీజన్ టికెట్ల పునరుద్ధరణ మందకొడిగా సాగడం వల్లే క్లబ్బు వెనక్కి తగ్గిందని నా తోటి సభ్యులు ఇద్దరు ఇప్పటికీ వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఒక్క వాక్యం లేకపోతే దుప్పటి మీద రాయడానికి ఏమీ ఉండేది కాదు.

మా అనుభవం చిన్నదే అయినా పెద్ద క్లబ్బుల కథ కూడా దీనికి భిన్నంగా లేదు. 2018 జనవరిలో లీడ్స్ యునైటెడ్ గుండె మీద పిడికిలి పెట్టుకున్న బొమ్మతో కొత్త చిహ్నాన్ని ప్రకటించినప్పుడు, ఆరు నెలల పరిశోధన చేశామని, పది వేల మందిని సంప్రదించామని చెప్పుకుంది. కొన్ని గంటల్లోనే వ్యతిరేక వినతిపత్రం మీద వేల సంతకాలు పడ్డాయి, క్లబ్బు ఆ చిహ్నాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ పది వేల మందిని ఏమి అడిగారు, వాళ్లు ఏమి చెప్పారు అన్నదే నాకు ఆసక్తి కలిగించే విషయం. ‘సంప్రదించాం’ అనే మాటకు, మా మినిట్స్‌లోని ‘స్వాగతించారు’ అనే మాటకు దగ్గరి చుట్టరికం ఉంది. లివర్‌పూల్‌లో కూడా అభిమానుల ప్రతినిధులతో మాటలు జరిగిన తర్వాతే కొత్త స్టాండ్‌లో 77 పౌండ్ల టికెట్‌ను ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలోకి రాగానే వేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు చివరికి 2-2తో సరిపెట్టుకుంది. నాలుగు రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను ఉపసంహరించుకున్నారు. గదిలో నెలల తరబడి చెప్పిన మాటే అది, ఖాళీ కుర్చీలు చెప్పాక గానీ యజమానుల చెవికి ఎక్కలేదు.

బోర్డులో ఒక కుర్చీ, క్లబ్బులో కొంత వాటా ఉంటే చాలునని కొందరు అంటారు. స్వాన్సీ సిటీలో అభిమానుల ట్రస్టుకు ఆ రెండూ ఉండేవి. వాటా సుమారు 21 శాతం. అయినా 2016లో మిగతా వాటాదారులు అమెరికన్ కొనుగోలుదారులతో బేరం మాట్లాడుకున్నప్పుడు ట్రస్టును పక్కన పెట్టారు. పూర్తి యాజమాన్యమే అభిమానులదైతే సంగతి వేరనేది మరో వాదన. ఎక్సెటర్ సిటీని 2003 నుంచి అభిమానుల ట్రస్టు నడుపుతోంది, తమ క్లబ్బును వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతి రావడంతో అభిమానులే నెలకొల్పుకున్న ఏఎఫ్‌సీ వింబుల్డన్ 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కింది. వాళ్లంటే నాకు అపారమైన గౌరవం. కానీ బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ కూడా సభ్యుల సొత్తే, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది సభ్యులే. 2021 ఏప్రిల్‌లో కొన్ని పెద్ద క్లబ్బులు తమకోసం విడిగా పెట్టుకోదలచిన సూపర్ లీగ్ ప్రకటన వచ్చినప్పుడు ప్రైవేటు యజమానుల చేతిలో ఉన్న ఆరు ఇంగ్లిష్ క్లబ్బులు వీధుల్లోకి వచ్చిన అభిమానులకు జడిసి రెండు రోజుల్లో బయటపడ్డాయి, సభ్యుల సొత్తైన ఈ రెండు క్లబ్బులు మాత్రం దాన్నే పట్టుకుని కూర్చున్నాయి. కాబట్టి వాటా ఎంత, ఓటు ఎవరిది అన్న లెక్కలు విన్నప్పుడల్లా నాకు పూర్తి నమ్మకం కలగదు.

జర్మనీ ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. అక్కడ 1998 నుంచి 50+1 నియమం ఉంది. కొద్ది మినహాయింపులు తప్ప, క్లబ్బును నడిపే సంస్థలో సగానికి మించిన ఓట్లు సభ్యుల సంఘానికే ఉండాలి. 2023 డిసెంబరులో లీగ్ ప్రసార ఆదాయంలో ఒక భాగాన్ని పెట్టుబడిదారుకు ఇచ్చే ప్రతిపాదన మీద 36 క్లబ్బులు ఓటు వేశాయి. నెగ్గాలంటే 24 ఓట్లు కావాలి, సరిగ్గా 24 వచ్చాయి. హానోవర్ క్లబ్బు సభ్యుల సంఘం తమ ప్రతినిధిని వ్యతిరేకంగా ఓటు వేయమని ముందే ఆదేశించింది, కానీ జరిగింది రహస్య ఓటింగ్ కావడంతో ఆ ఆదేశం అమలైందో లేదో ఏ కాగితమూ చెప్పదు. ఇంత గట్టి నియమం ఉన్న దేశంలోనే, ఎవరు ఏమి అన్నారో నమోదు కాకపోవడం వల్ల ఆ నియమం అవసరమైన రోజున చేతికి దొరకలేదు. అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపించారు, 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. మినిట్స్ గురించి నేను అతిగా మాట్లాడుతున్నానని అనేవాళ్లకు నేను చెప్పేది ఈ సంగతే.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు చట్టం కూడా వచ్చింది. ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నింటిలో 2023-24 సీజన్ నుంచి అభిమానుల సలహా మండళ్లు తప్పనిసరి అయ్యాయి. 2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పరిపాలన చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచి, పై అయిదు అంచెల్లోని క్లబ్బులు ముఖ్య విషయాల మీద అభిమానులను సంప్రదించాలని నిర్దేశించింది. చిహ్నం, సొంత మైదానంలో వేసుకునే జెర్సీ రంగు వంటివి మార్చాలంటే మెజారిటీ అభిమానుల మద్దతు ఉందని క్లబ్బు తేల్చుకోవాలి. 2012లో నీలం జెర్సీని ఎరుపుగా మార్చి 2015లో మళ్లీ నీలానికి తిరిగొచ్చిన కార్డిఫ్ సిటీ వంటి తతంగాలకు ఇక తావుండదనుకుంటాను. అయితే టికెట్ ధరల వంటి రోజువారీ విషయాల్లో చట్టం సంప్రదించమంటుంది, ఒప్పించమనదు. సంప్రదింపు జరిగిందని చూపించడానికి క్లబ్బులు ఇకమీదట ఏ కాగితాలు చూపిస్తాయో మీరే ఊహించుకోండి.

మీరు చేరబోయే ముందు రెండు చికాకుల గురించి కూడా చెప్పాలి. మొదటిది గోప్యత ఒప్పందం. మేము చేరిన రోజే సంతకం పెట్టించారు, ఆ తర్వాత పనికొచ్చే ప్రతి సమాచారమూ దాని కిందకే వచ్చింది. తెలిసినది చెప్పకూడదు, చెప్పగలిగినదేమో అందరికీ ముందే తెలుసు. గడువు లేని గోప్యతకు ఒప్పుకోకండి. ఏ విషయం ఎన్ని నెలలు దాచాలో రాయించుకుని సంతకం పెట్టండి. రెండోది మనవాళ్ల సంగతే. మా కమిటీలో ఇద్దరు సభ్యులు చైర్మన్‌తో ఫోటో దిగడానికి తప్ప మరెందుకూ రాలేదని నా నిశ్చితాభిప్రాయం. వాళ్ల పుణ్యమా అని మిగతా ఆరుగురం ప్రతి శనివారం మైదానంలో ‘యజమాని తొత్తులు’ అని అనిపించుకున్నాం. విచిత్రమేమిటంటే అలా తిట్టినవాళ్లలో ఒక్కరు కూడా కమిటీ ఎన్నికల్లో నిలబడలేదు.

ఇన్ని చెప్పాక కూడా చేరమనే అంటాను. మొదటి సమావేశానికి ఒక నోటుపుస్తకం తీసుకువెళ్లండి. కుశల ప్రశ్నలు పూర్తికాగానే, మినిట్స్ రాసే శ్రమ క్లబ్బు ఉద్యోగులకు ఎందుకు, ఆ పని నేను చేస్తానని చెప్పండి. అది ఎవరికీ ఇష్టంలేని పని కాబట్టి మొదటి రోజు ఎవరూ అడ్డు చెప్పరు. రెండో సమావేశంలో అడిగితే మాత్రం ఇవ్వరు, ఎందుకంటే ఆలోపు వాళ్లకు సంగతి అర్థమవుతుంది.