హార్మోన్ రాకముందు సంగతి ముందు చెప్పు

కావలి

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం ఫైనలియర్ పిల్లలకు థైరాయిడ్, స్టెరాయిడ్ హార్మోన్ల రిసెప్టార్ల (కణంలో హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్ల) పాఠం ఎత్తుకోవాలని, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచట్లేదని అమ్మతో అన్నావంట. నువ్వు పంపిన నోట్సు చదివాను. తప్పులేం లేవు. కానీ ప్రతి బొమ్మా హార్మోన్ దగ్గర మొదలై బాణం గుర్తు మీద నడిచి జీన్ దగ్గర ఆగిపోతోంది. హార్మోన్ వచ్చింది, రిసెప్టార్‌కు అంటుకుంది, జీన్ ఆన్ అయింది. అట్టా చెబితే పిల్లలు పాసవుతారు, అసలు సంగతి మాత్రం బుర్రకెక్కదు. నా మాట విని వరస తిరగెయ్. హార్మోన్ లేనప్పుడు రిసెప్టార్ ఎక్కడుంటుంది, అక్కడ ఏం చేస్తుంటుంది? పాఠం అక్కడ మొదలుపెట్టు.

కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్ రిసెప్టార్ న్యూక్లియస్ బయట, సైటోప్లాజంలో ఉంటుంది, హెచ్ఎస్పీ90 వగైరా ప్రోటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. కార్టిసాల్ అందాకే న్యూక్లియస్‌లోకి పోతుంది. థైరాయిడ్ రిసెప్టార్ అట్టా కాదు. హార్మోన్ ఉన్నా లేకున్నా న్యూక్లియస్‌లోనే, డీఎన్ఏ మీదే కూర్చుని ఉంటుంది. కాలవ తూము కాడ లస్కరును తలుచుకోమను. నీళ్లు వదలమని కబురొచ్చేదాకా షట్టరు దించి ఉంచేది అతనే, కబురొచ్చాక ఎత్తేదీ అతనే. టి3, అంటే కణంలో పనిచేసే థైరాయిడ్ హార్మోన్, లేనప్పుడు థైరాయిడ్ రిసెప్టార్ ఎన్‌కార్, స్మర్ట్ అనే కో-రిప్రెసర్లను (జీన్‌ను అణిచే తోడు ప్రోటీన్లను) పట్టుకుంటుంది. వాటి వెంట హెచ్‌డాక్3 అనే ఎంజైము వస్తుంది. అది డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ గుంపులను తీసేస్తుంది, ఆ డీఎన్ఏ, ప్రోటీన్ల చుట్ట (క్రోమాటిన్) బిగుసుకుంటుంది, జీన్ నోరు మూతపడుతుంది. టి3 అందగానే కో-రిప్రెసర్లు పోయి ఎస్ఆర్‌సీ, పీ300 లాంటి, జీన్‌ను లేపే కో-యాక్టివేటర్లు వచ్చి ఎసిటైల్ గుంపులు తగిలిస్తాయి. ఇక జీన్ నకలు, అంటే ఎంఆర్ఎన్ఏ, తయారీ మొదలు. కొన్ని పుస్తకాలు స్టెరాయిడ్ రిసెప్టార్లన్నిటినీ సైటోప్లాజంలోకి తోసేస్తాయి, నువ్వు ఆ పని చెయ్యకు. ఈస్ట్రోజన్ రిసెప్టార్ హార్మోన్ లేనప్పుడు కూడా ఎక్కువగా న్యూక్లియస్‌లోనే ఉంటుంది.

ఇదంతా చెప్పాక ఒక ప్రశ్న వెయ్. హార్మోన్ లేని ఎలుక, రిసెప్టార్ లేని ఎలుక, ఈ రెండిట్లో ఏది ఎక్కువ దెబ్బతింటుంది? క్లాసు మొత్తం "రెండూ ఒకటే గదా మేడమ్" అంటుంది. అననీ. పాక్స్8 జీన్ లేని ఎలుకకు థైరాయిడ్ గ్రంథి సరిగా ఏర్పడదు, హార్మోన్ ఉండదు, పాలు మానే వయసు దాటగానే చచ్చిపోతుంది. తెలిసిన థైరాయిడ్ రిసెప్టార్లన్నీ తీసేసిన ఎలుకలను 1999లో తయారుచేశారు. వాటికి ఎదుగుదల తగ్గింది, ఎముకలు ఆలస్యంగా ముదిరాయి, అయినా బతికాయి. అంతటితో ఆగకు. 2002లో, హార్మోన్ లేని ఆ పాక్స్8 ఎలుకలోనే, థైరాయిడ్ రిసెప్టార్లలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలుంటే, ఆల్ఫా రిసెప్టార్ జీన్‌ను కూడా తీసేశారు. చచ్చిపోవాల్సిన ఎలుక బతికింది! చంపుతున్నది హార్మోన్ లేకపోవడం ఒక్కటే కాదు, హార్మోన్ లేక షట్టరు ఎత్తని రిసెప్టార్ కూడా. ఇది బోర్డు మీద రాసి, కాసేపు ఏం మాట్లాడకుండా నిలబడు. ముందు బెంచీల వాళ్ల కంటే ముందు వెనక బెంచీ నుంచే ఎవరో ఒకరు "అంటే మేడమ్..." అని లేస్తారు.

నిర్మాణం గురించి ఎక్కువసేపు లాగొద్దు. మధ్యలో డీఎన్ఏను పట్టుకునే భాగం, అందులో రెండు జింక్ ఫింగర్లు, ఒక్కో జింక్‌ను నాలుగు సిస్టీన్లు పట్టుకుంటాయి. చివర హార్మోన్‌ను పట్టుకునే భాగం, పన్నెండు హెలిక్సులు. హార్మోన్ లోపల కుదురుకున్నాక పన్నెండో హెలిక్స్ దగ్గరికి మడుచుకుంటుంది, దాంతో కో-యాక్టివేటర్ కూర్చునే చోటు ఏర్పడుతుంది. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ ఆ హెలిక్సును సరిగా మడుచుకోనివ్వదు, రొమ్ము కణాల్లో ఈస్ట్రోజన్ పని అందుకే ఆగుతుంది. ఇది చాలు.

డీఎన్ఏ మీది రాత దగ్గర మాత్రం తొందరపడకు. పిల్లల చేతే రాయించు. ఏజీజీటీసీఏ అని రాసి, నాలుగు అక్షరాలు ఖాళీ వదిలి, మళ్లా ఏజీజీటీసీఏ రాస్తే అది థైరాయిడ్ రిసెప్టార్ చోటు. ఖాళీ మూడైతే విటమిన్ డి రిసెప్టార్‌ది, అయిదైతే రెటినోయిక్ ఆమ్లం రిసెప్టార్‌ది. రాత ఒకటే, మధ్య దూరమే తేడా. మూడు-నాలుగు-అయిదు సూత్రమని 1991లో వచ్చిన మాట ఇదే. ఈ ముగ్గురికీ తోడు నిలిచే రిసెప్టార్ ఆర్ఎక్స్ఆర్. కార్టిసాల్ రిసెప్టార్‌కు ఈ తోడు అక్కర్లేదు, తనలాంటిదాన్నే జత చేసుకుని ఏజీఏఏసీఏ, మూడు ఖాళీలు, టీజీటీటీసీటీ అనే ఎదురెదురు రాత మీద కూర్చుంటుంది. నోట్సులోంచి దించుకోనివ్వకు. వాళ్ల చేతుల మీదుగా రాసినదే గుర్తుంటుంది.

నీ క్లాసులో కొత్తపట్నం, సింగరాయకొండ పక్క నుంచి వచ్చే పిల్లలుంటారు. వాళ్ల ఇళ్లల్లో రొయ్యల చెరువు మాట రోజూ ఉండేదే. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే మోల్టింగ్ అని మేత తగ్గించడం, మినరల్స్ చల్లడం వాళ్లు చూస్తూ పెరిగారు. చెక్ ట్రే పైకెత్తినప్పుడు అప్పుడే గుల్ల విడిచిన వెనామీ రొయ్యను వేళ్లతో నొక్కితే మెత్తగా నొక్కుకుపోతుంది, గట్టిదనమే ఉండదు. ఆ గుల్ల విడిపించింది 20-హైడ్రాక్సీఎక్డైసోన్ అనే స్టెరాయిడ్. రొయ్య సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోలేదు, మేతలోంచే తెచ్చుకుని దాంతోనే ఈ హార్మోన్ తయారుచేసుకుంటుంది. దీని రిసెప్టార్‌కు తోడెవరనుకున్నావు? మన ఆర్ఎక్స్ఆరే! ఈగల్లో దాని చుట్టం ఉంటుంది. అక్కడ కూడా, ఎక్డైసోన్ లేనంతసేపూ ఈ జంట జీన్‌ను అణిచే ఉంచుతుందని తేల్చారు.

స్టెరాయిడ్ నేరుగా జీన్‌ను కదిలిస్తుందన్న మాటకు తొలి కంటిసాక్ష్యం కూడా ఎక్డైసోనే. 1954లో బ్యుటెనాంట్, కార్ల్సన్ అర టన్ను పట్టుపురుగు ప్యూపాల్లోంచి 25 మిల్లీగ్రాములు తీశారు. 1960లో క్లెవర్, కార్ల్సన్ దాన్ని కైరోనమస్ అనే దోమ లాంటి పురుగు లార్వాలోకి ఎక్కిస్తే, లాలాజల గ్రంథుల్లోని పెద్ద క్రోమోజోముల మీద ఫలానా చోటే ఉబ్బు లేచింది, గంట తిరక్కుండానే. మన కాలవల్లో ఎర్రగా మెలికలు తిరిగే పురుగు ఆ జాతిదే. దొరికితే తెచ్చి ల్యాబులో స్లైడ్ చెయ్. ఆ ఉబ్బు (పఫ్) కనబడిందంటే పిల్లలు మైక్రోస్కోపు వదలరు.

జబ్బుల దగ్గరికొస్తే ఒక్కటి నిదానంగా చెప్పు. ఒక రోగి రిపోర్టులో థైరాయిడ్ హార్మోన్లు టి4, టి3 రెండూ ఎక్కువే, థైరాయిడ్ చేత పనిచేయించే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్ మాత్రం తగ్గలేదు. మామూలుగా టి3 పెరిగితే పిట్యూటరీలో టీఎస్‌హెచ్ జీన్ అణిగిపోవాలి. ఈ జీన్ దగ్గర వరస తలకిందులని పిల్లలకు ముందే చెప్పి ఉంచు. 1967లో రెఫెటాఫ్ ఇట్టాంటి కుటుంబాన్ని వర్ణించాడు. తర్వాత ఇట్టాంటి చాలా కుటుంబాల్లో బీటా రిసెప్టార్ జీన్‌లో మార్పు కనబడింది. మారిన రిసెప్టార్ డీఎన్ఏ మీద కూర్చుంటుంది గానీ టి3కి లొంగదు, కో-రిప్రెసర్‌ను వదలదు. అందుకే ఒక కాపీ మంచిదైనా చెడ్డదాని పెత్తనమే సాగుతుంది. గుండెలో ఎక్కువగా ఆల్ఫా కాబట్టి అది మాత్రం ఎక్కువైన హార్మోన్‌కు దడదడలాడుతుంది.

పల్లెల్లో ఒళ్లు నొప్పులకని స్టెరాయిడ్ సూది పొడిచేవాళ్ల గురించి ఎవరో ఒకరు అడుగుతారు. దాటెయ్యకు. బయటి స్టెరాయిడ్ ఎక్కువ రోజులు పడితే మెదడు, పిట్యూటరీల్లో అడ్రినల్ గ్రంథి చేత కార్టిసాల్ చేయించే సీఆర్‌హెచ్, ఏసీటీహెచ్ తయారీ అణిగిపోతుంది, అడ్రినల్ నిద్రపోతుంది. అందుకే వాడేవాళ్లు ఉన్నట్టుండి మానకూడదు, డాక్టరు చెప్పిన వరసలో తగ్గించాలి. అమ్మ థైరాక్సిన్ (టి4 మాత్ర) మోతాదు మార్చాక ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూద్దామని డాక్టరమ్మ అనేది కూడా ఇట్టాంటి లెక్కే. రక్తంలో టి4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది.

ఇంటర్నల్ పరీక్షకు "స్టెరాయిడ్ హార్మోన్ల పనితీరు వివరించుము" అని ఇవ్వకు, కంఠతా పట్టింది కక్కుతారు. "ఒక కణంలో టి3 లేదు, థైరాయిడ్ రిసెప్టారూ లేదు. టి3తో మేల్కొనే జీన్ అక్కడ ఏ స్థాయిలో పనిచేస్తుంది? టి3 మాత్రమే లేని కణంతో పోల్చి రాయండి" అని ఇవ్వు. పది మార్కుల్లో కారణానికి ఏడు పెట్టుకో. పేపర్లు దిద్దాక రెండు మూడు నాకు పంపు, చూస్తాను.

మీ మామయ్య