లాట్ టెస్ట్ రిపోర్టు ఇవ్వకపోతే వెల్డింగ్ వైర్ వెనక్కి పంపవచ్చా?

ప్రశ్న: మాది ఫ్యాబ్రికేషన్ యూనిట్. అల్యూమినియం ట్యాంకుల పనికి ఈఆర్5356 (మెగ్నీషియం కలిసిన అల్యూమినియం వెల్డింగ్ వైర్ రకం) కొన్నాం. సప్లయర్ ‘సరుకు ప్రమాణం ప్రకారమే ఉంది’ అని ఒక పేజీ సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకున్నాడు. మా కస్టమర్ ఇన్‌స్పెక్టర్ లాట్ వారీ (ఒకే విడతలో తయారైన సరుకుకు విడిగా) కెమిస్ట్రీ రిపోర్టు కావాలంటున్నారు. డబ్బు ఆపేసి వైర్ వెనక్కి పంపవచ్చా?

జవాబు: తొందరపడి డబ్బు ఆపకండి. ముందు మీ పర్చేజ్ ఆర్డర్ తీసి చూడండి. అందులో ‘ఏడబ్ల్యూఎస్ ఏ5.10, ఈఆర్5356’ (అల్యూమినియం వెల్డింగ్ వైర్లకు అమెరికన్ వెల్డింగ్ సొసైటీ ప్రమాణం, వైర్ రకం) అని మాత్రమే ఉంటే, కాగితం విషయంలో సప్లయర్‌ను తప్పుపట్టడం కష్టం. ఆ ప్రమాణం ప్రకారం ప్యాకింగ్ మీద ఆ గుర్తులు వేయడమే తయారీదారు ఇచ్చే ధ్రువీకరణ. మీకు పంపిన లాట్‌నే పరీక్షించారని దానర్థం కాదు. కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

లాట్ వారీ పరీక్ష కావాలంటే ఆర్డర్‌లోనే రాయాలి. వెల్డింగ్ వైర్ల కొనుగోలుకు సంబంధించిన ప్రమాణం ఏడబ్ల్యూఎస్ ఏ5.01 ఉన్నది అందుకే. అందులో షెడ్యూల్ ‘హెచ్’ అంటే పంపే ప్రతి లాట్‌కూ రసాయన విశ్లేషణ. యూరప్ పద్ధతిలో అయితే ఈఎన్ 10204 (పరీక్ష పత్రాల రకాలు చెప్పే ప్రమాణం) ప్రకారం 3.1 రకం సర్టిఫికెట్ అడగాలి. 2.2 రకంతో సరిపెట్టుకుంటే మీ సరుకునే పరీక్షించారన్న హామీ ఉండదు. ఇలాంటి షరతు ఆర్డర్‌లో ఉండి కూడా రిపోర్టు ఇవ్వకపోతే మీ వాదన బలంగా నిలుస్తుంది.

చేతిలో ఉన్న సర్టిఫికెట్‌నూ నిదానంగా చదవండి. మెగ్నీషియం శాతం గడిలో ‘4.5–5.5’ అని ఉంటే అది ప్రమాణంలోని పరిమితిని ఎత్తిరాసిందే, పరీక్ష ఫలితం కాదు. 4.87 లాంటి ఒక్క అంకె ఉండి, స్పూల్ (వైర్ చుట్ట) స్టిక్కర్ మీది లాట్ నంబరే కాగితం మీదా కనిపిస్తే అప్పుడది రిపోర్టు.

కాగితం వేరు, సరుకు వేరు. వైర్‌లోనే తేడా ఉంటే సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్, 1930 సెక్షన్ 15 మీకు అండ: చెప్పిన వివరణకు సరిపోని సరుకును తిరస్కరించవచ్చు. అయితే సెక్షన్ 42ను మరవకండి. తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా తగిన గడువు దాటనిచ్చినా, సరుకును సొంతం అన్నట్టు వాడేసినా ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తర్వాత మీకు సాధారణంగా మిగిలేది నష్టపరిహారమే.

కాబట్టి అనుమానం ఉంటే ఆ లాట్ వాడకం వెంటనే ఆపండి. లేబుళ్లు ఫొటో తీయండి. సప్లయర్‌కు రాతపూర్వకంగా కబురుపెట్టి, అతని ఎదుటే నమూనా తీసి సీల్ చేసి, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. ఫలితం పరిమితి దాటితే అదే రోజు తిరస్కరణ లేఖ ఇవ్వండి. పరిమితిలోనే ఉంటే, ఆ రిపోర్టును ఆమోదిస్తారేమో ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. సప్లయర్‌కు డబ్బు మాత్రం మీరు కట్టాల్సిందే.