'అవాయుజీవి' అంటే గాలి లేని జీవా?

సందేహం: ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులను ఒకచోట 'వాయురహిత జీవులు' అనీ, ఇంకోచోట 'అవాయు జీవులు' అనీ చదివాను. 'అనవాయు' అని రాసేవాళ్లూ ఉన్నారు. ఏది సరైనది? అసలు ప్రాణవాయువు లేకుండా ప్రాణం ఉంటుందనడం వింతగా లేదూ?

సమాధానం: ముందు 'అనవాయు'ను పక్కన పెట్టేద్దాం. లేదు అని చెప్పే 'న' అచ్చుకు ముందు 'అన్' అవుతుంది: అనంతం, అనారోగ్యం. హల్లుకు ముందు 'అ' అవుతుంది: అశాంతి, అజ్ఞానం. కాబట్టి 'అవాయు' అనే అనాలి. వీటిని ఇంగ్లిషులో చెప్పే 'అనెరోబిక్' అన్న మాట చెవిలో మోగుతుండటం వల్ల ఆ అదనపు 'న' వచ్చి చేరిందేమో!

'వాయురహిత' తప్పు కాదు. వాయురహిత శ్వాసక్రియ అంటే ఏ ఇబ్బందీ లేదు. జీవికి తగిలిస్తేనే చిక్కు, ఒంట్లో గాలి లేని ప్రాణి అనిపిస్తుంది. కానీ చిత్తడి నేలల బురదలో మీథేన్ వాయువును పుట్టించేవి ఈ జీవులే కదా!

నా ఓటు 'అవాయుజీవి'కి, అదీ కలిపి రాస్తేనే. పరాన్నజీవి, శ్రమజీవి అన్న మాటలు చూడండి. వాటిలో 'జీవి' అంటే వట్టి ప్రాణి కాదు, ఫలానాదాని మీద బతికేది అని. పరుల అన్నంతో బతికేది పరాన్నజీవి. అలాగే వాయువుతో బతికేది వాయుజీవి, అలా బతకనిది అవాయుజీవి. విడదీస్తే ఈ అర్థం జారిపోతుంది. ఈ జీవులకు 1863లో శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఫ్రెంచిలో వాడుకలోకి తెచ్చిన మాటలోనూ గ్రీకు గాలి, బతుకు ఇలాగే కలిసి ఉన్నాయి.

ఇక ప్రాణవాయువు. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలనే పంచప్రాణాల్లో అది మొదటిది. ఆక్సిజన్ సంగతి తెలియని కాలం నాటి మాట. తర్వాత దాన్ని ఆక్సిజన్‌కు అతికించుకున్నాం. ఆక్సిజన్‌కే ఉన్న మరో పేరు 'ఆమ్లజని' కథా అలాంటిదే. ఆమ్లాలన్నిటికీ ఆ వాయువే మూలమని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవాజియే పొరబడి పెట్టిన పేరుకు అది అనువాదం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు! పేరును నమ్ముకుని శాస్త్రం చెప్పకూడదు. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా ఆక్సిజన్ తగిలితే పెరగదు, అందుకే గాలి చొరబడని లోతైన గాయాలు దానికి అనువు.

సూక్ష్మజీవులే కాదు, సాల్మన్ చేపల కండరాల్లో ఉండే ఒక బుల్లి జంతువుకు ఆక్సిజన్‌తో శ్వాసించే ఏర్పాటే లేదని 2020లో తేలింది. అది పరాన్నజీవి, అవాయుజీవి కూడా.