నీ కథా, నీ మీటింగులూ

తమ్ముడూ,

నీ కథ చదివాను. సంభాషణలు బాగున్నాయి. ఇక అసలు సంగతి. రెండో పేజీలో సుజాత స్టవ్ మీద పాలు పెట్టింది, కథ అయిపోయినా దించలేదు. ఐదో పేజీకొచ్చేసరికి ఆవిడే సునీత అయిపోయింది! ఎందుకిలా అయిందో ఉత్తరం చివర నువ్వే చెప్పుకున్నావు: ఆఫీసు మీటింగుల్లో మైకు మ్యూట్‌లో పెట్టి, పక్కన వాట్సాప్ చూసుకుంటూ రాశావట, పైగా "నేనూ ఒక అష్టావధానినే కదండీ" అని.

అక్కడే నాకు ఒళ్ళు మండింది. అవధానం ఎప్పుడైనా ముందు వరుసలో కూర్చుని చూశావా? చుట్టూ ఎనిమిదిమంది కూర్చుని రకరకాలుగా పరీక్షిస్తున్నా, అవధాని అన్నీ ఒకేసారి చెయ్యడు. సమస్య, అంటే పద్యంలో ఇమడ్చాల్సిన చిక్కు పాదం ఇచ్చినాయనకి ఒక పాదం చెప్పి, ఆ తర్వాతే దత్తపది వైపు, అంటే ఇచ్చిన మాటలతో పద్యం అడిగినాయన వైపు తిరుగుతాడు, అక్కణ్ణుంచి వర్ణన, ఇలా నాలుగు ఆవృత్తులు తిరిగితే పద్యాలు పూర్తవుతాయి, చివర్లో ధారణ, అంటే ఆ పద్యాలన్నీ గుర్తుంచుకుని అప్పజెప్పడం. ఛందస్సు నోటికి పట్టడానికే ఏళ్ళ సాధన కావాలి. అంతటివాడిక్కూడా ధ్యాస చెదరగొట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు, అప్రస్తుత ప్రసంగానికని. నువ్వు ఆయన్ని జేబులో పెట్టుకు తిరుగుతున్నావు.

పద్యాల గొడవ నీకు పట్టదంటే స్టాన్‌ఫర్డ్ వాళ్ళ మాట విను. ఓఫిర్, నాస్, వాగ్నర్ 2009లో అచ్చువేసిన పరిశోధనలో, ఒకేసారి రకరకాల మీడియా చూసే అలవాటు బాగా ఉన్నవాళ్ళే అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టలేకపోయారు, ఒక పని నుంచి ఇంకోదానికి మారడంలోనూ వాళ్ళే వెనకబడ్డారు. అంట్లు తోముతూ పాట వినొచ్చు, కాదనను. ఒక చెవిన మేనేజరు మాటలు వింటూ కథలో ఇంకో మనిషి చేత మాట్లాడించడం వేరు.

నేను పేపరు డెస్కులో నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో, వార్తలు దిద్దుతూనే కథలు రాసేస్తాడని నా మీద ఒక పుకారు ఉండేది. అబద్ధం. ఎడిషన్ వెళ్ళిపోయాక, మొదటి బస్సు వచ్చేదాకా, ఖాళీ హాల్లో రాసేవాణ్ణి. అలా రాసిన కథని ఒక వారపత్రిక ఎడిటరు సగానికి నరికి "బస్సులో వేలాడుతూ కూడా చదువుకునేలా ఉండాలండీ" అన్నాడు. ఇప్పుడాయన వారసులు రీల్ చూస్తూ చదివే కథ అడుగుతున్నారు, వాళ్ళకి రాయకు.

తొమ్మిదో పేజీలో తండ్రి పోయాడని ఫోనొస్తే ఆ అమ్మాయి మ్యూట్ తీసి "ఆడిబుల్ కదండీ?" అంటుంది చూడు, అక్కడ కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. నీ కథ అదే. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి, సెలవు రోజున. పోటీల సంగతీ, కలం పేరు సంగతీ తర్వాత. ఈసారి పీడీఎఫ్ వద్దు, ప్రింటు తీసి పోస్టులో పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి.