పీహెచ్‌డీ కాలంలో అబ్బిన నైపుణ్యాలను విడిగా నమోదు చేసుకోవాలా?

చేసుకోవాలి. సిద్ధాంత గ్రంథం పరిశోధన ఫలితాన్ని చూపుతుంది గాని, దాన్ని సాధించే క్రమంలో మీకు అబ్బిన నేర్పును చూపదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతిని వివరించాలి. వారానికి 4 నుంచి 6 గంటల బోధన సహాయ బాధ్యతలను కూడా అప్పగించవచ్చు; అక్కడ నేర్చుకున్నదీ నమోదు చేసుకోదగినదే. సలహా సంఘం సమావేశానికి ముందురోజు హడావిడిగా అన్నీ గుర్తుచేసుకోవడం కంటే (చాలామంది చేసేది అదే) నెలకోసారి తేదీతో సహా రాసుకోవడం మేలు. "కార్యశాలకు హాజరయ్యాను" అన్న ఒక్క వాక్యం ఎందుకూ కొరగాదు. అక్కడ ఏ పద్ధతి నేర్చుకున్నారో, దాన్ని మీ దత్తాంశంపై ఎలా ప్రయోగించారో, ఎక్కడ విఫలమయ్యారో రాయాలి. ధ్రువపత్రాలను అక్కడే జతచేయండి. బ్రిటన్‌లో పరిశోధకుల వృత్తి వికాసానికి తోడ్పడే విటే సంస్థ 2010లో వెలువరించిన చట్రం పరిశోధకుల నైపుణ్యాలను 63 అంశాలుగా వర్గీకరించింది; అన్నింటినీ నింపనక్కరలేదు గాని, మీ నమోదులో ఏది లోపించిందో పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది.