మా టీవీలో అన్నీ బూడిదరంగు చొక్కాలే

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ సైన్స్ ఫిక్షన్ స్క్రిప్టు అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది ఇష్టం కొద్దీ కాదమ్మా, కోపం కొద్దీ. కోపం కథ మీద కాదు, చివర నువ్వు కుట్టిన ఆ పట్టిక మీద. "ఏ సీను దేనికి నివాళి" అని పైన రాసి, ఎడమవైపు పేజీ నంబరు, కుడివైపు పాత సిరీస్ పేరు, మొత్తం ఇరవై మూడు వరసలు. పోర్టులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి, ఇలాంటి పట్టికలు బోలెడు చూశాను. ఓడలోంచి ఏం దిగిందో, ఎవరి పేరు మీద దిగిందో అన్నీ ఉంటాయి. సరుకు మాత్రం అందులో ఉండదు, గోడౌన్లో ఉంటుంది.

రాయడం వచ్చు నీకు. ఆ ముక్క చెప్పేశాను, ఇక పనిలోకి వద్దాం.

పద్నాలుగో పేజీలో ఎర్ర చొక్కా వేసుకున్న కాపలా కుర్రాడు గ్రహం మీద దిగీ దిగగానే చచ్చిపోతాడు. పక్కన "ఇక్కడ తెలిసినవాళ్లు నవ్వుతారు" అని రాశావు. తెలిసినవాణ్ణే, నవ్వలేదు.

ఎనభైల్లో ఆదివారం పొద్దుట దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ వచ్చేది. అమెరికాలో 1966లో మొదలై, 79 ఎపిసోడ్లు పూర్తిచేసుకుని 1969లో ఆగిపోయిన అంతరిక్ష సిరీస్ అది. మన గుమ్మంలోకి వచ్చేసరికి దానికి మీసాలొచ్చి నెరవడం కూడా మొదలైంది. మహారాణిపేటలో మా ఎదురింటివాళ్లకి టీవీ ఉండేది, బ్లాక్ అండ్ వైట్. చెప్పులు బయట విడిచి, చాప మీద పదిమందిలో ఒకడిగా కూచునేవాణ్ణి. ఆ ఇంగ్లీషు సగం నాకు అర్థమయ్యేది, మిగతా సగం ఆ ఇంటాయన తనకి అర్థమైనట్టు చెప్పేవాడు. చాలా ఏళ్ల తర్వాత రంగుల్లో చూస్తే గానీ తెలీలేదు, చచ్చేవాళ్లలో చాలామందికి ఎర్ర చొక్కాలని, అభిమానులకి అదో పాత జోకని. మా టీవీలో అందరివీ బూడిదరంగు చొక్కాలే. కెప్టెన్ వెంట కిందికి దిగిన నలుగురిలో ఎవరు తిరిగొస్తారో మాకు తెలిసేది కాదు. అందుకని అందరి కోసమూ భయపడ్డాం. ఓ వారం పేరైనా లేని ఒక కుర్రాడు పోతే, ఆ ఇంటి మామ్మగారు తమలపాకు నమలడం ఆపి "అయ్యో, ఏ తల్లి కన్నబిడ్డో" అంది. నీ పద్నాలుగో పేజీ దగ్గర నాకు ఆవిడ గుర్తొచ్చింది. నువ్వు నవ్వమన్న చోట ఆవిడ కళ్లు తుడుచుకునేది.

నువ్వు ఇరవై మూడుసార్లు వాడిన ఆ మాట సంగతీ చెప్పాలి. పేపర్లో పోయినవాళ్ల ఫొటో కింద వేసీ వేసీ నివాళిని దండ చేసి పెట్టారు. అసలు నివాళి అంటే హారతి. గర్భగుడి చీకట్లో దేవుడి ముఖం కనపడ్డానికి పైకెత్తే వెలుగు. నువ్వు దేవుడి వైపు తిప్పడం మానేసి పళ్లెం మా ముఖాల ముందు తిప్పుతున్నావు, చిల్లర వెయ్యమన్నట్టు.

నీ పట్టికలో పదకొండోది "బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్". దాన్నుంచి నువ్వు తీసుకున్నదల్లా శత్రువు ఓడ కంటికి కనపడకుండా పోవడం. ఆ స్టార్ ట్రెక్ ఎపిసోడ్ 1966 డిసెంబరుది, అదే ఓ పాత అప్పు. 1957లో "ది ఎనిమీ బిలో" అని యుద్ధం సినిమా వచ్చింది. పైన అమెరికన్ డిస్ట్రాయర్, కింద జర్మన్ జలాంతర్గామి, ఇద్దరు కెప్టెన్లు ఒకరి ఎత్తుగడ ఒకరు పసిగడుతూ వేటాడుకుంటారు. స్టార్ ట్రెక్ వాళ్లు ఆ సముద్రాన్ని తీసుకెళ్లి రోదసిలో పోశారు. శత్రువులైన రోములన్ల కనపడని ఓడ అంటే నీళ్లలో మునిగిన జలాంతర్గామే.

ఈ ఊళ్లో పుట్టి ఇది నీకు తట్టకపోవడం ఏమిటి? ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి లేదూ? సోవియట్ వాళ్లు కట్టినది, 1969లో మన నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, మరుసటేడు ఒడ్డున మ్యూజియం అయి కూచుంది. తొంభై ఒక్క మీటర్ల పొడుగు. మా మనవణ్ణి తీసుకెళ్లాను. ఒక అరలోంచి ఇంకో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత మిగిలిన మనిషి. నా మోకాలు సరిగ్గా మధ్యలో పట్టేసింది. ముందు ఒక కుటుంబం, వెనక ఒక కుటుంబం, కంతలో నేను. వెనకాల పిల్లాడు "తాతగారు ఇరుక్కుపోయారు" అని ప్రకటించాడు. చెమటలు కక్కుతూ ఆ ఇనుపగోడకి చెయ్యి ఆనించి నిలబడ్డప్పుడు నాకా ఎపిసోడ్ కొత్తగా అర్థమైంది. మాయమవడంలో ఏముంది, గోడకి అవతలివాడు ఏం ఆలోచిస్తున్నాడో ఊపిరి బిగబట్టి వినడంలో ఉంది కథ. చివర్లో గానీ రోములన్ కమాండర్, స్టార్ ట్రెక్ హీరో కెప్టెన్ కర్క్ ఎదురెదురుగా మాట్లాడుకోరు, అదీ తెర మీద. ఇంకోలా జరిగుంటే నిన్ను స్నేహితుడనేవాణ్ణని చెప్పి, ఆ కమాండర్ తన ఓడని తనే పేల్చేసుకుంటాడు.

2022లో "స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్" అనే కొత్త స్టార్ ట్రెక్ సిరీస్ మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో మళ్లీ అదే యుద్ధం ఎత్తుకున్నారు. అదే సరిహద్దు, అదే కనపడని ఓడ, కొన్ని మాటలు కూడా అవే. కెప్టెన్ కుర్చీలో మాత్రం కర్క్ బదులు పైక్. పైక్ మంచివాడు, మాట్లాడి సర్దుకుందాం అనే రకం. ఆ మంచితనమే పెద్ద యుద్ధం తెచ్చిపెడుతుంది. చూశావా? పాత ఎపిసోడ్‌కి దండ వెయ్యలేదు, దాన్ని నిలదీశారు. "నీ కెప్టెన్ గెలిచాడు సరే, ఇంతకంటే మంచివాడైతే గెలిచేవాడా?" అని. పాతది చూడని మా మనవడు గోళ్లు కొరుక్కుంటూ చూశాడు. చూసిన నేను మంచినీళ్లకి కూడా లేవలేదు. నా పంతమల్లా ఇదే, ముప్పయ్యేళ్లుగా ఎవరు దొరికితే వాళ్లకి చెబుతున్నాను: తెలియనివాడికి పూర్తి భోజనం పెట్టు, తెలిసినవాడికి అదే విస్తట్లో ఇంకో రుచి తగలనీ. నువ్వు తెలిసినవాడికి కొసరి కొసరి వడ్డించి, తెలియనివాణ్ణి పంక్తిలోంచి లేపేశావు.

"బ్యాటిల్‌స్టార్ గలాక్టికా" అనే ఇంకో అంతరిక్ష సిరీస్ పేరు నీ పట్టికలో మూడుచోట్ల ఉంది, మూడూ బొమ్మలే. 1978 నాటి దాంట్లో సైలాన్లనే యంత్రాలు ఎవరో పరాయి జాతి చేసినవి. 2003లో మళ్లీ తీసినవాళ్లు, కాదు, మనుషులే చేసుకున్నారన్నారు. ఒక్క వాక్యం మారింది, నేరం ఇంటికొచ్చింది. పాత సిరీస్‌లో హీరో అపోలోగా వేసిన రిచర్డ్ హాచ్‌ని పిలిచి శాలువా కప్పలేదు. టామ్ జారెక్ అని, జైల్లోంచి తిరగబడే ఖైదీ వేషం ఇచ్చి కొత్త అపోలోకి ఎదురు నిలబెట్టారు. మనమైతే శాలువా, ఒక జ్ఞాపిక, నాలుగు చప్పట్లు, పక్కనే ఫొటోగ్రాఫరు. ఇంకోటి, "లాస్ట్ ఇన్ స్పేస్". 1965లో అందులో పిల్లాడిగా వేసిన బిల్ మూమీ 2018లో మళ్లీ తీసినదాంట్లో అసలైన డాక్టర్ స్మిత్ వేషం వేశాడు. ఆయన గాయపడి పడుంటే ఒకావిడ ఆయన కోటూ, పేరూ కాజేస్తుంది. దొంగతనాన్ని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న నివాళి నేనింకోటి చూళ్లేదు.

నా సంగతీ ఒకటి చెబుతాను, నవ్వుకో. ఎనభై ఏడులో ఒక వారపత్రికకి, పేరెందుకులే, కథ పంపాను. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ కాపలావాడికి ఓ రాత్రి పైనుంచి, చుక్కల్లోంచి, జవాబుగా వెలుగు తిరుగుతుంది. ఎడిటరుగారు కార్డు రాశారు: కథ బావుంది, ఆ వెలుగు తీసేసి మరదలిని పెట్టండి. పెట్టాను. అచ్చయింది. ముప్పై రూపాయల మనియార్డరు కూడా వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత అదే పెద్దమనిషి ఒక సభలో మైకు పట్టుకుని, తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఎందుకు రాలేదని కంటతడి పెట్టుకున్నాడు. నేను మూడో వరసలో ఉన్నాను, చేతిలో పకోడీ పొట్లం. ఏం చేస్తాను, తిన్నాను. ఇప్పటివాళ్లు మరదలిని అడగరు, అదో మెరుగు. మొన్న ఒక కుర్ర నిర్మాత కథ వినకముందే "సార్, రిఫరెన్స్ ఏంటి?" అన్నాడు. నీ పట్టిక ఆ ప్రశ్నకి జవాబుగా తయారైందని నా అనుమానం.

మనకి ఇది కొత్త విద్యేం కాదు. నన్నయ భారతం అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రిని వర్ణిస్తూ ఆగిపోయాడు. తిక్కన మిగతా పర్వాలన్నీ రాశాడు గానీ ఆ సగం ముక్క ముట్టుకోలేదు. మూడు వందల ఏళ్లు కావస్తుండగా ఎర్రన వచ్చి అందుకున్నాడు. తన రాజు తనకుండగా, ఎప్పుడో పోయిన నన్నయ రాజు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అంత వినయం. కానీ మొదటి పద్యం చూడు, "స్ఫురదరుణాంశు" అని మొదలుపెట్టి ఎర్రటి ఎండ పొడిచే పొద్దు. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఈయన తెల్లవార్చాడు. కింద పట్టిక వెయ్యలేదు.

నా పంతానికి లొంగనిదొకటి ఉంది, దాచడమెందుకు. స్టార్ ట్రెక్ ముప్పయ్యేళ్ల పండక్కి 1996లో "డీప్ స్పేస్ నైన్" అనే తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్ వాళ్లు, 1967 నాటి ట్రిబుల్స్ అనే బొచ్చు జీవాల ఎపిసోడ్ పాత ఫిల్ములోకే తమ నటుల్ని దూర్చారు. ప్రశ్నా లేదు, పాడూ లేదు, ఉత్త సరదా. పాతరోజుల్లో క్లింగాన్లనే పరాయి గ్రహంవాళ్ల నుదురు నున్నగా ఉండేది, తర్వాతెప్పుడో గట్లు మొలిచాయి. అదేమిటని పక్కవాళ్లు అడిగితే, క్లింగాన్ జాతివాడే అయిన వోర్ఫ్ ముఖం గంటు పెట్టుకుని, బయటివాళ్లతో ఆ సంగతి మాట్లాడం అంటాడు. ఎన్నిసార్లు చూసినా నవ్వుతాను. నువ్వు దీన్ని నా మీదికి తెస్తావని తెలుసు. తేవద్దు.

ఇప్పుడు ఇరవై ఆరో పేజీ. షిప్‌యార్డులో రిటైరైన ముసలి వెల్డరు, అంతరిక్ష కేంద్రంలో గోడ అతుకు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపి, ఒకచోట ఆపి, "ఇది రాత్రి షిఫ్టు పని. చేసినవాడిది ఎడమచెయ్యి వాటం" అంటాడు. ఎవరో అతనికి తెలుసు, చెప్పడు. చెయ్యి లుంగీకి తుడుచుకుంటాడు. నాలుగు లైన్లు. అక్కడ కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. నీ పట్టికలో ఆ పేజీ నంబరు లేదు. కవరు మీద మల్కాపురం చిరునామా చూశాను, ఆ బొటనవేలు నువ్వు ఇంట్లోనో పక్కింట్లోనో చూసే ఉంటావు. చూసినదాన్ని రాసి, వెంటనే నీకే బెదురు పుట్టి, తర్వాతి పేజీలో రోబో చేత పాత డైలాగు చెప్పించావు. ఆ రోబోని తీసెయ్. ముసలాయనకి పేరు పెట్టు. ఎడమచెయ్యి వాటం వాడు ఏమయ్యాడో నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, నీకు మాత్రం తెలిసుండాలి.

ఎర్ర చొక్కా కుర్రాణ్ణి చంపాలంటే చంపు. చంపేముందు ఆ మామ్మగారికి ఒక్క లైను జవాబివ్వు.

ఏ సాఫ్ట్‌వేర్‌లో టైపు చెయ్యాలి, ఏ ఓటీటీ వాళ్లని కలవాలి, టైటిలు ఇంగ్లీషులో పెట్టాలా అని ఇంకా ఏవేవో అడిగావు. వాటికి మా మనవణ్ణి పట్టుకో, వాడికి ఖాళీ ఎక్కువ.

పదహారో పేజీ మీద టీ ఒలికింది, నా పెన్సిలు రాతలు కొన్ని చెరిగాయి. మళ్లీ పంపేటప్పుడు కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తియ్యి. పట్టిక మాత్రం నీకు తిప్పి పంపడం లేదు. వెనకవైపు ఖాళీగా ఉంది, ఈ నెల పాల లెక్క దాని మీదే రాస్తున్నాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు